తక్కెడకు అందని వెండి

ధర పెరిగిన కొద్దీ పాత వెండి కంచాలు, చెంబులు, పన్నీరు బుడ్లు మూస దారి పడుతున్నాయి. వాటి అడుగున ఉన్న ముద్రలనూ, పేర్లనూ, పనితనాన్నీ చదివిన తరువాతే వాటికి వెల కట్టాలి.

దుకాణంలో తూకపు యంత్రం మీద బోర్లించిన పాత వెండి కంచం అడుగు నల్లబడి ఉంటుంది. అంచు చుట్టూ మెలితిప్పిన తీగ, దాని కింద వరుసగా ఒత్తిన చుక్కలు, నడుమ భాగంలో సుత్తిదెబ్బల జాడగా మిగిలిన చదునైన మచ్చలు, వాటి పక్కన సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా చెక్కిన ఒక ఇంటిపేరు, ఒక తెలుగు సంవత్సరం పేరు. వ్యాపారి అంచును ఒకచోట గీటురాయి మీద గీసి, మట్టం, అంటే లోహపు స్వచ్ఛత, చూసి, కంచాన్ని మళ్ళీ తూకం మీద ఉంచుతాడు. తెర మీద అంకె నిలిచిన మరుక్షణం ఆనాటి ధర, అందులో తరుగు, మార్పిడిగా తీసుకునే కొత్త సామాను మీద మజూరీ అనే లెక్కలు మొదలవుతాయి. ఆ లెక్కలో తీగ మెలికకూ, చెక్కిన పేరుకూ స్థానం ఉండదు.

చంపావతి నది పరిసరాల్లో, విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా వైపు వెళ్ళే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న గజపతినగరంలోనూ, పెళ్ళి సామాను కోసం అక్కడి కుటుంబాలు వెళ్ళే విజయనగరం గంటస్తంభం పరిసరాల బజార్లలోనూ, మాఘ శ్రావణ మాసాల ముహూర్తాలకు ముందు ఇటువంటి దృశ్యం కొత్త కాదు. పాత వెండి ఇచ్చి కొత్త వెండి తెచ్చుకోవడం తరతరాల అలవాటే అయినా, ధర ఇంతకు ముందెన్నడూ లేనంతగా పెరిగిన ఈ రోజుల్లో అటకల మీదా ఇనప్పెట్టెల్లోనూ నిశ్చింతగా ఉన్న పాత్రలకు కూడా కదలిక వచ్చింది. లోకమంతటా సేకర్తలు కోరి వెతికే పాత వెండి భోజన సామగ్రికి ఉత్తరాంధ్రలోనూ ఒక చరిత్ర ఉన్నదనీ, అది కిలోల లెక్కలో పోతే తిరిగి రాదనీ గుర్తించవలసిన సమయం ఇది.

ధర పెరిగితే ఏమవుతుంది?

2025లో దేశంలో కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటి, ఆ ఏడాది ముగిసేలోగా రెండు లక్షలను కూడా దాటింది. సౌర ఫలకాలు, విద్యుత్ వాహనాలు, ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో వెండి వాడకం పెరగడం, గనుల ఉత్పత్తి కొన్నేళ్ళుగా గిరాకీని అందుకోలేకపోవడం, మదుపరులు బంగారంతో పాటు వెండిని కూడా భద్రమైన ఆస్తిగా కొనడం ఇందుకు ముఖ్య కారణాలు. వెండిలో అధిక భాగం సీసం, జింకు, రాగి గనుల్లో ఉప ఉత్పత్తిగా లభిస్తుంది కాబట్టి ధర పెరిగినంత మాత్రాన తవ్వకం వెంటనే పెరగదు. ఆ లోటును పూడ్చే మార్గాల్లో ఒకటి ఇళ్ళలోని పాత వెండిని కరిగించడం.

ఇటువంటి కాలం లోకానికి ఇంతకు ముందు ఒకసారి అనుభవంలోకి వచ్చింది. అమెరికాలో హంట్ సోదరులు వెండిని పెద్దఎత్తున పోగుచేసిన ఫలితంగా 1979 ఆరంభంలో ఔన్సు సుమారు 6 డాలర్లు ఉన్న ధర 1980 జనవరి నాటికి దాదాపు 50 డాలర్లకు చేరింది. అదే ఏడాది మార్చి 27న అది 11 డాలర్ల దరిదాపులకు కూలిపోయింది. ఆ కొద్ది నెలల్లో ఇంగ్లండులో, అమెరికాలో వంశపారంపర్యంగా వచ్చిన చెంచాలు, టీ పాత్రలు, పళ్ళేలు బస్తాలకెత్తి కరిగించే కర్మాగారాలకు చేరాయి. ధర పడిపోయిన తరువాత లోహం మళ్ళీ కొనుక్కోవడానికి వీలు చిక్కింది గాని, పద్దెనిమిదో శతాబ్దపు పనివాడి చేతిలో రూపుదిద్దుకున్న పాత్ర ఏ ధరకూ తిరిగి దొరకలేదు. నేటి సేకర్తలు పాత వెండిని అంత పట్టుదలగా వెతకడానికి ఆనాటి నష్టం కూడా ఒక కారణం.

రూపాయి కరిగి కంచమైన కాలం

తెలుగు ఇళ్ళలో వెండి భోజన సామగ్రి నిత్య వాడుక వస్తువుగా కంటే శుభకార్యాల వస్తువుగానే ఎక్కువగా నిలిచింది. నిత్య భోజనం విస్తరిలోనో, అరిటాకులోనో, కంచు ఇత్తడి పాత్రల్లోనో సాగేది. ఆ పాత్రల తయారీకి శ్రీకాకుళం జిల్లాలోని బుడితి నేటికీ పేరున్న ఊరు. వెండికి మాత్రం పుట్టుక నుంచి పెళ్ళి దాకా ప్రత్యేక సందర్భాలు ఉండేవి. పసిపిల్లలకు మందో పాలో పట్టే ముక్కున్న ఉగ్గుగిన్నె, అన్నప్రాశనకు పాయసం పెట్టే గిన్నె, కన్యాదాన వేళ వరుడి కాళ్ళు కడిగే పళ్ళెం, చెంబు, విందులో కొత్త అల్లుడికి వేసే కంచం, గ్లాసు, పేరంటంలో గంధపు గిన్నె, కుంకుమ భరిణ, పన్నీరు బుడ్డి, పూజలో పంచపాత్ర, ఉద్ధరిణి, ప్రయాణంలో మూత బిగించే మరచెంబు, భోజనానంతరం తాంబూలపు పళ్ళెం, సున్నపు కాయ, అడకత్తెర ఒక్కొక్కటిగా ఇంట చేరేవి. అత్తవారింటికి ఆడపిల్లతో పంపే సారెలో వెండి ఉండడం పుట్టింటి పరువుకు గుర్తుగా ఉండేది. కరువు వచ్చినా, కుటుంబం దెబ్బతిన్నా తాకట్టుకు ఉపయోగపడే ఆస్తి కూడా అదే కావడం వల్ల ఇంటి ఆడవారికి అది తమ చేతిలోని ధైర్యం.

ఈ వెండిలో చాలా భాగం నాణేల నుంచి వచ్చింది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే తూకపు రూపాయిని నిర్ణయించిన తరువాత రూపాయి తూకమే తులమైంది. అది 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు, అంటే వెయ్యి భాగాల్లో దాదాపు 917 భాగాలు శుద్ధమైన వెండి. సర్కారే మట్టానికి పూచీ ఇచ్చిన లోహం కాబట్టి రూపాయలు లెక్కపెట్టి కంసాలి చేతిలో పోస్తే సామాను తయారయ్యేది. నూరు రూపాయలు కరిగించి చేసిన కంచం సుమారు 1,166 గ్రాములు తూగుతుంది. పాత సామాను తూకాన్ని తులాల్లోకి మార్చి చూసినప్పుడు అది ముప్పై, యాభై, నూరు వంటి గుండు సంఖ్యకు దగ్గరగా వస్తే ఆ పాత్ర నాణేల నుంచి పుట్టి ఉండవచ్చని ఊహించడానికి ఆధారం దొరుకుతుంది. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947లో పూర్తిగా నికెల్ రూపాయి వచ్చింది. దానితో ఆ దారి మూసుకుపోయింది.

జమీందారీ బల్ల మీదికి స్టెర్లింగ్

స్టెర్లింగ్ వెండి అంటే వెయ్యి భాగాల్లో 925 భాగాలు వెండి, మిగిలిన 75 భాగాలు సాధారణంగా రాగి ఉండే మిశ్రమం. శుద్ధమైన వెండి మెత్తనిది. దానితో చేసిన చెంచా వంగిపోతుంది, పళ్ళెం సొట్టపడుతుంది. రాగి కలిపితే గట్టిదనం వస్తుంది. ఈ పాళ్ళను ఇంగ్లండు 1300లో మొదటి ఎడ్వర్డు కాలంలో చట్టం చేసింది. ఇంత చిన్న తేడాతో మన నాణెపు వెండీ, ఇంగ్లండు స్టెర్లింగూ మట్టంలో ఇరుగుపొరుగులుగా ఉండడం గమనించదగిన విషయం.

ఉత్తర సర్కారుల్లో 1802 నుంచి శాశ్వత శిస్తు విధానం అమలులోకి రావడంతో విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం వంటి సంస్థానాల, జమీందారీల ఆదాయానికీ హోదాకీ ఒక స్థిరరూపం ఏర్పడింది. కలెక్టర్లు, సైనికాధికారులు, గవర్నర్లు అతిథులుగా వచ్చే దివాణాల్లో కింద కూర్చుని తినే పంక్తి భోజనంతో పాటు కుర్చీలు, బల్ల, కత్తులు, ముళ్ళచెంచాలు ఉండే విందు కూడా మర్యాదలో భాగమైంది. విజయనగరం మహారాజు 1867లో లండన్ హైడ్ పార్కులో మంచినీటి ఫౌంటెన్ కట్టించేంతగా ఆ నగరంతో సంబంధాలు ఏర్పడిన కాలమది. విశాఖపట్నంలోని వాల్తేరులోనూ దొరల క్లబ్బు 1883లో వెలసింది.

దివాణాల విందు బల్ల మీద ఉండే సామగ్రి నేటి పాఠకుడికి కొంత వింతగా తోస్తుంది. టీపాట్, పాల జగ్గు, చక్కెర గిన్నె కలిసిన టీ సెట్టు, చక్కెర ముక్కలు తీసే చిన్న పటకారు, కాల్చిన రొట్టె ముక్కలను నిలువుగా అమర్చే టోస్ట్ ర్యాకు, ఉప్పు, మిరియాలు, ఆవపొడి, వెనిగర్ సీసాలను ఒకచోట నిలిపే క్రూయెట్ స్టాండు, పొట్టి కాళ్ళతో ఉత్తరాలూ గ్లాసులూ అందించడానికి వాడే సాల్వర్ అనే చదునైన పళ్ళెం, బల్ల నడుమ కొమ్మల వలె చేతులు చాచి పండ్లనూ మిఠాయిలనూ మోసే ఎపర్న్ అనే అలంకార పాత్ర ఇందులో ముఖ్యమైనవి. ఇవి కొన్ని ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి, కొన్ని మద్రాసు, కలకత్తాల్లోని దొరల కంపెనీల్లో భారతీయ పనివారి చేతుల మీదుగా తయారయ్యేవి.

---
▣ ముద్రలు చదవడం ఎలా?

ఇంగ్లండు స్టెర్లింగ్ పాత్ర అడుగున వరుసగా కొట్టిన చిన్న ముద్రలే దాని జాతకం. భూతద్దంతో చూస్తే ఇవి కనిపిస్తాయి.

• నడుస్తున్న సింహం: 925 మట్టానికి గుర్తు. 1544 నుంచి వాడుకలో ఉంది.
• ఊరి గుర్తు: చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, కిరీటం ఉంటే షెఫీల్డు (1974 వరకు), స్కాట్లాండు సామాను మీద కోట ఉంటే ఎడిన్‌బరో.
• సంవత్సరపు అక్షరం: లండన్‌లో 1478 నుంచి ఉంది. అక్షరం ఆకృతి, దాని చుట్టూ ఉన్న చట్రం చూసి పరీక్ష జరిగిన ఏడాదిని పట్టికలో పోల్చుకోవాలి.
• రాజు లేదా రాణి తల: 1784 నుంచి 1890 వరకు వెండి మీద సుంకం చెల్లించినట్టు గుర్తు.
• తయారీదారు పొడి అక్షరాలు: పనివాడిదో, కంపెనీదో పేరు.

అమెరికా సామాను మీద చాలావరకు స్టెర్లింగ్ అనే మాటే అచ్చుగా ఉంటుంది. ఐరోపాలోని జర్మనీ వంటి దేశాల సామాను మీద 800 అనే అంకె తరచుగా కనిపిస్తుంది.
---

మద్రాసు పనితనం, విశాఖ పెట్టెలు

ఇంగ్లండులో ఉన్నట్టు మట్టం పరీక్షించి ముద్ర కొట్టే ప్రభుత్వ వ్యవస్థ ఆనాటి భారతదేశంలో లేదు. అందువల్ల ఇక్కడి కంపెనీలు తమ పేరునే పూచీగా పాత్ర అడుగున కొట్టేవి. మద్రాసులో పందొమ్మిదో శతాబ్దం నడుమ మొదలైన పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో వెలసిన హామిల్టన్ అండ్ కంపెనీ వీటిలో పేరెన్నిక గన్నవి. హామిల్టన్ కంపెనీ తన పొడి అక్షరాల పక్కన ఏనుగు బొమ్మను కూడా వాడేది. గుజరాత్‌లోని భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ అనే పనివాడు లతలూ జంతువులూ చెక్కిన వెండికి నేడు ప్రపంచ విపణిలో విశేషమైన గిరాకీ ఉంది.

మద్రాసు కంపెనీల ప్రత్యేకత స్వామి వెండి. దక్షిణాది ఆలయ గోపురాల మీది దేవతామూర్తులను టీపాట్ల మీద, జగ్గుల మీద, పళ్ళేల అంచుల మీద ఉబ్బెత్తుగా తీర్చిన శైలికి సేకర్తల ప్రపంచంలో ఆ పేరు స్థిరపడింది. 1875–76లో ఇంగ్లండు యువరాజు భారతదేశ పర్యటనలో అందుకున్న కానుకలు తరువాత లండన్‌లోనూ, 1878 పారిస్ ప్రదర్శనలోనూ జనం చూశారు. భారతీయ లోహపు పని మీద ఐరోపాలో అభిరుచి పెరగడానికి అటువంటి ప్రదర్శనలు దోహదం చేశాయి. దొరల బల్లకు పనికివచ్చే ఆకారం మీద దాక్షిణాత్య శిల్పి చేతివాటం కనిపించడం వల్ల ఈ పాత్రలు రెండు సంస్కృతుల పరిచయానికి దొరికిన లోహ సాక్ష్యాలు.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ విశాఖపట్నంలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి అక్కడ చందనపు చెక్క వంటి వాటి మీద ఏనుగుదంతపు రేకులు తాపి, వాటిపై లతలూ భవనాలూ చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపి, వెండి గొళ్ళేలూ పిడులూ అమర్చిన పెట్టెలు తయారయ్యేవి. ఈ వృత్తిలో కంసాలులు పనిచేశారు. తేయాకు ఖరీదైన సరుకుగా ఉన్న రోజుల్లో దానిని తాళం వేసి దాచే పెట్టెలు ఈ పనితనానికి పెట్టింది పేరు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనివారి వస్తువులు నేటికీ ఉన్నాయి. ఏనుగుల సంరక్షణ కోసం ఏనుగుదంతపు వ్యాపారాన్ని దేశదేశాల చట్టాలు నిషేధించిన తరువాత, ఇవి కొనుగోలు అమ్మకాల వస్తువులుగా కంటే అధ్యయన వస్తువులుగానే చూడవలసినవి.

కంసాలి చేతిలో ఒక చెంబు

కర్మాగారపు అచ్చు పనికీ చేతి పనికీ తేడా తెలుసుకోవాలంటే తయారీ క్రమం తెలియాలి. మూసలో కరిగించిన వెండిని బిళ్ళగా పోసి, దాగలి మీద సుత్తితో సాగగొడితే రేకు అవుతుంది. దెబ్బలు పడిన కొద్దీ వెండి గట్టిపడి పగుళ్ళిచ్చే స్వభావం పొందుతుంది కాబట్టి దానిని కుంపటిలో ఎర్రగా కాల్చి చల్లార్చి మళ్ళీ మెత్తబరచాలి. ఇలా కాల్చడం, కొట్టడం అనేకసార్లు సాగితే చదునైన రేకు అతుకు లేకుండా చెంబు కడుపుగా, మెడగా లేస్తుంది. అతికించవలసిన చోట వెలిగారం అద్ది, వెండితో పాటు తక్కువ వేడికే కరిగే లోహం కలిపిన పొడిని వాడతారు.

నగిషీ పని వేరే ఓపిక కోరుతుంది. పాత్రను లక్క, ఇటుకపొడి కలిపిన ముద్దతో నింపితే లోపల మెత్తని ఆసరా ఏర్పడుతుంది. బయటి నుంచి మొన తేలని చిన్న చిన్న ఉలులతో కొట్టినప్పుడు రేకు చిరగకుండా లోపలికి ఒదిగి, హంసలూ లతలూ ఉబ్బెత్తుగా నిలుస్తాయి. పని ముగిశాక వేడి చేసి లక్కను కార్చివేస్తారు. చేతితో చేసిన పాత్ర లోపల వేలు పోనిస్తే నగిషీ వెనుక వైపు గుంటలు తగులుతాయి. అడుగున సుత్తి మచ్చలు క్రమం లేకుండా ఉంటాయి. మర మీద తిప్పి చేసిన పాత్ర లోపల మాత్రం ఒకే కేంద్రం చుట్టూ సన్నని వలయాలు కనిపిస్తాయి. ఈ రెండు గుర్తులనూ ఇంట్లోనే, ఏ పరికరమూ లేకుండా, పగటి వెలుతురులో చూసుకోవచ్చు.

తెలుగు నేల మీద ఈ విద్య పూర్తిగా అంతరించలేదు. వెంట్రుకంత సన్నని వెండి తీగలను మెలితిప్పి, చుట్టలు చుట్టి, పన్నీరు బుడ్లు, పళ్ళేలు, తాంబూలపు పెట్టెలు అల్లే కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఉత్తరాంధ్రకు పొరుగునే ఉన్న ఒడిశాలో కటక్ తారకసి అదే కుటుంబానికి చెందిన కళ. అచ్చులతో ఒత్తిన తేలిక సామాను తక్కువ మజూరీకి దొరికే కాలంలో చేతి పని చేసే కుటుంబాలకు బతుకుతెరువు కష్టమవుతున్నది. పాత పాత్ర కరిగిపోతే ఆ కుటుంబాల పిల్లలు చూసి నేర్చుకోవలసిన నమూనా కూడా దానితో పాటే పోతుంది.

---
▣ వెండి కాని ‘సిల్వర్’

• జర్మన్ సిల్వర్: రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. ఇందులో వెండి ఏమాత్రం ఉండదు. పెళ్ళిళ్ళలో, వ్రతాల్లో పంచే పళ్ళేలు, గిన్నెలు చాలావరకు ఈ పేరుతో అమ్మేవే.
• ఈపీఎన్ఎస్: అదే నికెల్ మిశ్రమం మీద విద్యుత్తు సాయంతో వెండి పూత పూసిన సామాను. ఇంగ్లండులో ఎల్కింగ్టన్ కంపెనీ 1840లో ఈ పద్ధతికి పేటెంటు పొందింది. పూత అరిగిన చోట పసుపు ఛాయ కనిపిస్తుంది.
• షెఫీల్డు ప్లేటు: రాగి దిమ్మకు వెండి రేకును వేడితో అతికించి, రెండింటినీ కలిపి సాగగొట్టిన సామాను. 1740ల్లో థామస్ బౌల్సోవర్ కనిపెట్టాడు. అరిగిన అంచుల్లో ఎర్రని రాగి తొంగిచూస్తుంది. లోహపు విలువ తక్కువైనా పాతదనం వల్ల దీనికి సేకర్తల ఆదరణ ఉంది.
---

బల్లలు చెదిరిపోయిన తరువాత

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ముగిశాయి. దివాణాల ఆదాయం తగ్గింది, కుటుంబాలు విడిపోయాయి, నౌకర్లూ వంటవారూ లేని చిన్న ఇళ్ళలో ఇరవైనాలుగు మందికి సరిపడే సామగ్రికి చోటు లేకపోయింది. దేశమంతటా పెద్ద ఇళ్ళ వెండి కొంత పంపకాల్లో, కొంత అమ్మకాల్లో చెదిరిపోయింది. పటియాలా మహారాజు 1922లో ఇంగ్లండు యువరాజు రాక కోసం లండన్‌లో చేయించిన దాదాపు 1,400 వస్తువుల బంగారు పూత వెండి విందు సామగ్రి 2013లో లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో దాదాపు 20 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. లోహపు విలువకు మించి అంత ధర పలకడానికి కారణం సెట్టు చెదరకపోవడం, ఎవరు ఎప్పుడు ఎందుకు చేయించారో తెలియడం.

కొన్నిచోట్ల అదృష్టవశాత్తు సామగ్రి ఒకచోటనే నిలిచింది. జయపూర్ మహారాజు రెండో మాధోసింగ్ 1902లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఓడలో గంగాజలం తీసుకువెళ్ళడానికి వాడిన, ఒక్కొక్కటి సుమారు 345 కిలోల వెండి బానలు నేటికీ అక్కడి సిటీ ప్యాలెస్‌లో ఉన్నాయి. అవి కూడా వెండి నాణేలు కరిగించి చేసినవే. హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఏడో నిజాం రజతోత్సవ సందర్భంగా వచ్చిన వెండి కానుకలు, భవనాల వెండి నమూనాలు చూడవచ్చు. 2018 సెప్టెంబరులో ఆ మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా దొంగల పాలయ్యాయి. కొద్ది రోజుల్లోనే పోలీసులు వాటిని చెక్కుచెదరకుండా రాబట్టారు. ఫోటోలు, వర్ణనలు నమోదై ఉంటే పోయిన వస్తువులు ఏవో లోకానికి వెంటనే తెలుస్తుంది.

సామాన్య కుటుంబాల వెండికి అటువంటి రక్షణ లేదు. తల్లి పోయిన తరువాత అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కూర్చుని చేసే పంపకంలో ఆరు గ్లాసుల వరుస ముగ్గురికి రెండేసిగా విడిపోతుంది. పళ్ళెం ఒకరికి, దాని మీది గిన్నెలు మరొకరికి పోతాయి. అమెరికాలోనో, బెంగళూరులోనో స్థిరపడిన పిల్లలకు వాటిని తోమి భద్రపరిచే తీరిక ఉండదు. కుటుంబంలో చివరిగా ఆ సామాను కథ తెలిసిన పెద్దావిడ చెప్పకుండానే వెళ్ళిపోతే, మిగిలేది తూకం మాత్రమే.

సేకర్త కన్ను దేనిని వెతుకుతుంది?

పాత వెండికి లోహపు విలువకు పైన వచ్చే విలువ నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ స్థితిలో ఉంది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది. ముద్రలు మొదటి రెండింటిని చెబుతాయి. స్థితి తెలుసుకోవడానికి వెలుతురుకు ఎదురుగా పట్టి అరుగుదలను చూడాలి. నగిషీలోని ముఖాలు నున్నబడిపోతే అతిగా తోమారని అర్థం. పిడి అతుకు దగ్గర బూడిద రంగు మచ్చ ఉంటే సీసం కలిసిన టంకంతో మరమ్మతు చేశారని గ్రహించాలి. ఒక చిన్న చెంచా ముద్రను కోసి పెద్ద పాత్ర అడుగున అతికించే మోసాలు కూడా ఉన్నాయి కాబట్టి, ముద్రల చుట్టూ నోటి ఆవిరి ఊది అతుకు గీత బయటపడుతుందేమో చూడడం సేకర్తల అలవాటు.

చెక్కిన పేర్ల విషయంలో తెలుగు సేకర్త దృష్టి వేరుగా ఉండాలి. పాశ్చాత్య విపణిలో అనామకుల పొడి అక్షరాలు చెక్కిన వస్తువుకు కొన్నిసార్లు ధర తగ్గుతుంది. మన ఇళ్ళలో పాత్రల మీద పేర్లు చెక్కించే ఆచారం మాత్రం చరిత్రకు దొరికే అరుదైన ఆధారం. ఇచ్చినవారి ఇంటిపేరు, ఊరు, పెళ్ళి జరిగిన సంవత్సరం ఒక చెంబు మెడ మీద ఉంటే, ఆ మూడింటితో ఒక కుటుంబం వియ్యపు సంబంధాలనూ, ఆ కాలపు లిపి తీరునూ, పనివాడు మసలిన ప్రాంతాన్నీ ఊహించవచ్చు. ఇతర కాగితాలేవీ మిగలని ఇళ్ళలో ఆడవారి పేరు అక్షరరూపంలో నిలిచిన చోటు ఒక్కోసారి ఆ వెండి గిన్నె ఒక్కటే కావచ్చు.

---
▣ భద్రపరచడం ఎలా?

• వెండి నల్లబడడం తుప్పు కాదు. గాలిలోని గంధక వాయువులతో కలిసి పైన ఏర్పడే సల్ఫైడు పొర అది. గుడ్డు, ఉల్లి, ఆవాలు, రబ్బరు, ఉన్ని దానిని త్వరపరుస్తాయి.
• విభూతి, ముగ్గుపిండి, పళ్ళపొడి, టూత్‌పేస్టు గరుకుగా ఉండి నగిషీని అరగదీస్తాయి. మెత్తని సబ్బునీళ్ళు, నూలుగుడ్డ చాలు.
• అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ళ చిట్కా నలుపును తీసివేస్తుంది గాని, నగిషీ లోతుల్లో ఉండవలసిన నల్లని నీడను కూడా తుడిచేస్తుంది. పాత పాత్రలకు అది తగదు.
• ఉప్పు వెండిని తింటుంది. ఊరగాయ, ఉప్పు వెండి గిన్నెలో నిలవ ఉంచరాదు.
• వార్తాపత్రికల్లో, రబ్బరు బ్యాండ్లతో చుట్టరాదు. ఉతికిన తెల్లని నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి పొడిచోట ఉంచాలి.
---

▣ చట్టం ఏమంటుంది?

• 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5న అమలులోకి వచ్చింది. కళకూ, పనితనానికీ చెందిన నూరేళ్ళు దాటిన వస్తువులు దాని ప్రకారం పురావస్తువులు.
• ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. పురావస్తువుల వ్యాపారం చేయడానికి మాత్రం లైసెన్సు తప్పనిసరి.
• పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీలులేదు. విదేశాల్లోని పిల్లలకు పాత వెండి పంపదలచినవారు ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధికారులను సంప్రదించాలి.
• కొత్త వెండికి బీఐఎస్ 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో కూడిన హాల్‌మార్కును స్వచ్ఛంద పద్ధతిలో ప్రవేశపెట్టింది. 800, 835, 925, 970, 990 వంటి అంకెలు వెయ్యిలో వెండి భాగాలను తెలుపుతాయి.
---

కరిగించే ముందు చేయవలసినవి

అవసరం వచ్చినప్పుడు వెండి అమ్ముకోవడం తప్పు కాదు. ఆపదలో ఆదుకోవడానికే పూర్వులు దానిని కూడబెట్టారు. ఇంట్లో ఉన్న వెండి అంతా కళాఖండమూ కాదు. గత ముప్పై నలభై ఏళ్ళలో మర మీద చేసిన తేలిక గ్లాసులు, అచ్చు పళ్ళేలు మార్పిడికి ఇస్తే పోయేదేమీ లేదు. అమ్మకం తప్పనిసరి అయినప్పుడు ముందుగా అటువంటివి ఎంచుకుని, చేతి పని సామాను చివరికి ఉంచడం ఏ కుటుంబానికైనా సాధ్యమైన పని.

నమోదు దానికి మొదటి మెట్టు. ప్రతి పాత్రకూ ముందు నుంచీ, అడుగు నుంచీ, ముద్రలకూ అక్షరాలకూ దగ్గరగా మూడు ఫోటోలు తీసి, తూకం, ఎత్తు, ఎవరి పెళ్ళికి ఎవరు ఇచ్చారన్న వివరం ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. ఇంటి పెద్దలు జ్ఞాపకశక్తితో ఉండగానే ఈ పని జరగాలి. పంపకాలు వచ్చినప్పుడు సెట్టును విడగొట్టకుండా ఒకరికి ఇచ్చి, మిగిలినవారికి దాని విలువను వేరే రూపంలో సర్దుబాటు చేసుకోవడం మేలు. గజపతినగరం, విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల కళాశాలల చరిత్ర విభాగాలు విద్యార్థుల చేత తమ తమ ఇళ్ళలోని పాత పాత్రల వివరాలు రాయించగలిగితే, ఉత్తరాంధ్ర లోహపు పని మీద ఇంతవరకు లేని సమాచారం కొద్ది ఏళ్ళలోనే పోగవుతుంది. వెండి వ్యాపారులు కూడా ముద్రలో, పేర్లో, చేతి నగిషీయో ఉన్న పాత్ర తమ దగ్గరికి వచ్చినప్పుడు మూసలో వేసే ముందు ఒక ఫోటో తీసి ఉంచితే, ఆ వృత్తికి అది గౌరవమే.

పాత వెండి పాత్రను అమ్మాలా, ఉంచాలా అన్నది ఆ కుటుంబం తేల్చుకోవలసిన విషయం. ఏ నిర్ణయం తీసుకున్నా, తూకం వేయించే ముందు దానిని ఒకసారి బోర్లించి, అడుగున ఏముందో చదవండి.